లాంగ్డన్ డౌన్

బుద్ధి మెల్లగా వికసించు బిడ్డల కొఱకు జీవితమును ధారపోసిన వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్. ఇతడు 1828వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందలి టార్‌పాయింట్ గ్రామమున జన్మించెను. చిన్ననాడే బడి మాని తండ్రి అంగడిలో పనిచేసెను.

ఒకనాడు పెనువాన కురియగా ఒక కుటీరమున తలదాచుకొనెను. అచట బుద్ధివికాసము కొఱవడిన యొక బాలిక తేనీరందించెను. ఇట్టివారికి మేలు చేయు మార్గము లేదా యను చింత నాటినుండి అతనిని విడువలేదు.

పట్టుదలతో వైద్యవిద్య నేర్చి, 1858లో ఎర్ల్స్‌వుడ్ శరణాలయమునకు అధికారి యయ్యెను. అచట బిడ్డలను కొట్టుటను మాన్పించెను. శుచిత్వమును, చేతిపనులను నేర్పించెను. 1866లో వారిలో కొందఱి సమాన లక్షణములను గుర్తించి వర్ణించెను. ముఖకవళికలను బట్టి వారికొక జాతి పేరు పెట్టుట అతని పొరపాటు. లోకము దానిని విడిచి, డౌన్ సిండ్రోమ్ అను పేరును గ్రహించినది. ఒక క్రోమోజోము అధికముగా నుండుటయే దీనికి కారణమని 1959లో తేలినది.

1868లో డౌన్, భార్య మేరీతో కలిసి నార్మన్స్‌ఫీల్డ్ గృహమును స్థాపించెను. అందు బిడ్డలకై నాటకశాలను సైతము కట్టించెను. 1896లో అతడు మరణించెను. 1905లో అతని మనుమడే ఈ లక్షణములతో జన్మించెను! తాత పరులబిడ్డలకై నెలకొల్పిన గృహమే మనుమనికి నీడయయ్యెను.

మన ధారూరునకు దూరము గాని సికింద్రాబాదులో, ఇట్టి బిడ్డల కొఱకు 1984లో జాతీయ సంస్థ వెలసినది. వారికిని భయము, దిగులు, అభిమానము కలవు. ఓర్పుతో నేర్పినచో వారును నేర్తురు. వారిని పరిహసింపక, తోడివారుగా ఆదరించుట మన ధర్మము.