కౌసానీ విడిదిలో గాంధీజీ

1929వ సంవత్సరము ఏప్రిల్, మే నెలల మండుటెండలలో గాంధీజీ ఆంధ్రదేశమున ఊరూరు తిరిగి ఖద్దరు నిధికి చందాలు పోగుచేసిరి. మోటారు దుమ్ము, సభలలో జనసమ్మర్దము, రాత్రి ఏ వేళకో నిద్ర, మరల తెల్లవారకముందే ప్రయాణము. అప్పటికి ఆయనకు అరువదియవ ఏడు నడుచుచుండెను. ఆ అలసట తీరుటకు తగినంత వ్యవధి లేకయే జూన్ నెల నడుమ కుమాయూన్ పర్వతసీమకు బయలుదేరిరి. విశ్రాంతి యన్నది సగమే. అచటను ఖద్దరు నిధి జోలె ఆయన వెంటనే యుండెను.

హల్ద్వానీ కడ మైదానము ముగిసి కొండదారి మొదలగును. నైనీతాల్, భవాలీ, తాడీఖేత్‌ల మీదుగా ఆయన అల్మోరా చేరిరి. దారి పొడవున దేవదారు, సరళ వృక్షముల వనములు; కొండవాలున మెట్లుమెట్లుగా చెక్కిన చిన్న చిన్న పొలములు. ఈ సీమను వేసవి విహారస్థానముగా తీర్చుకొన్నవారు తెల్లదొరలు. వారి విహారమును మోసినవారు మాత్రము ఆ పల్లెల రైతులు. దొర వచ్చుచున్నాడన్న వార్త అందగానే ఊరిపెద్ద చిట్టా విప్పి పేర్లు చదువవలెను. పేరు వచ్చినవాడు దుక్కి విడిచి, కూలి లేకయే సామాను మోయవలెను. విడిది చేసిన చోటికి పాలు, కట్టెలు, గడ్డి సమకూర్చవలెను. 1921 జనవరిలో, ఉత్తరాయణపు తిరునాళ్ళనాడు, బాగేశ్వరమున సరయూ గోమతీ సంగమము కడ బదరీదత్త పాండే మొదలగు నాయకుల పిలుపున ప్రజలు ఆ చిట్టాలను నదిలో విసరివేసిరి. వెట్టి అంతటితో కూలిపోయెను. రక్తపు బొట్టు చిందని ఈ విజయమును గాంధీజీ మెచ్చుకొనిరి. ఎనిమిదేండ్ల పిదప ఆయన వచ్చిన వార్త విని కొండజనము తండోపతండములుగా ఎదురేగుటలో వింత యేమున్నది?

ఆ జనములోనే పద్మసింగ్ అను గ్రామీణుడు ఉండెను. జూన్ 18వ తేదీన అల్మోరాలో దర్శనార్థము కారు వద్దకు చొచ్చుకొని వచ్చి, జనము నడుమ తప్పించుకొనలేక పడిపోయెను. చక్రము అతనిపై నడిచెను. గాంధీజీ ఎక్కిన కారే అది. ఆస్పత్రిలో మంచి చికిత్స జరిగెను. దృఢకాయుడు గనుక బ్రతుకునని వైద్యులు ఆశపడిరి. కాని 20వ తేదీన అతడు మరణించెను. వెనుక బాలుడైన కుమారుడు మిగిలెను. ఆ పిల్లవాని పోషణకు ఏర్పాటు జరుగునని గోవిందవల్లభ పంతు మాట యిచ్చిరి.

ఎందరి మరణములనో నిబ్బరముతో సహించిన గాంధీజీని ఈ మరణము కదిలించివేసెను. తరువాత ‘యంగ్ ఇండియా’లో దీనిని గూర్చి వ్రాయుచు, డ్రైవరు తొందరపాటును చెప్పియు, తప్పు అతనిమీదనే మోపి ఊరకుండలేదు. అంత గుంపులో తాము దిగి నడువవలసినది, లేదా కారును నడకవేగమునకు మించి పోనీయకుండ పట్టుబట్టవలసినది. ఏండ్ల తరబడి మోటారులలో తిరుగుటచే తమ మనస్సు మొద్దుబారి, కాలినడకవారి క్షేమమును గూర్చి ఉపేక్ష కలిగినది అని ఒప్పుకొనిరి. మోటారు ప్రయాణము మానవునకు సహజమైనది కాదన్న తమ పాత అభిప్రాయమును మరల చెప్పిరి. అట్లని దానిని విడువగలిగిరా? లేదు. దేశము పెద్దది, కాలము చిన్నది. ఈ వైరుధ్యము తమయందున్నట్లు ఆయన ఎరుగుదురు, దానిని కప్పిపుచ్చలేదు.

ఈ బరువు గుండెలో నుండగనే ఆయన అల్మోరాకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్న కౌసానీకి వచ్చిరి. 6,200 అడుగుల ఎత్తున, కత్యూరీ లోయపై నిలిచిన చిన్న ఊరది. హిందీ కవి సుమిత్రానందన పంత్ 1900లో జన్మించినది ఇచటనే. మన భావకవులకు చుట్టమనదగిన ఛాయావాద కవులలో ఆయన యొకరు. ఆ ఊరు చూచినవారికి ఆయన ప్రకృతిప్రీతికి వేరు కారణము వెదుక నక్కరలేదు. అచట ఒక తేయాకు తోటకు చెందిన అతిథిగృహము గాంధీజీకి విడిది యయ్యెను. మబ్బు తొలగిన ప్రాతఃకాలమున దాని ముందు నిలిచి చూచినచో త్రిశూల్, నందాదేవి మొదలగు హిమశిఖరములు బారులు తీరి కనబడును. రెండు దినములు మాత్రమే ఉండదలచి వచ్చిన ఆయన సుమారు రెండు వారములు నిలిచిపోయిరని స్థానికులు చెప్పుకొందురు.

ఆయన ఆ దృశ్యమును మెచ్చని వారు కారు. ఇంతటి సౌందర్యము, ఇంతటి ఆరోగ్యకరమైన గాలి మన దేశముననే యుండగా, ఆరోగ్యమునకై మనవారు యూరపునకు ఏల పోవుదురో యని ఆశ్చర్యపడుచు వ్రాసిరి. కాని ఆ విడిదిలో ఆయన చేసిన ముఖ్యకార్యము వేరు. గుజరాతీలో తాము చేసిన భగవద్గీతానువాదమునకు పీఠిక నచట ముగించిరి. దానిక్రింద కౌసానీ పేరును, జూన్ 24వ తేదీయు నున్నవి. అనగా పద్మసింగ్ మరణించిన నాలుగవ దినము.

గ్రంథమునకు ‘అనాసక్తియోగము’ అని పేరు పెట్టిరి. లండనులో విద్యార్థిగా నున్నప్పుడు ఇద్దరు మిత్రుల ప్రేరణచే, ఆర్నాల్డు ఆంగ్లానువాదముతో ప్రారంభమైన గీతాపఠనము అది. నడుమ నలువది యేండ్ల ఆచరణ యున్నది. పండితులకొరకు కాక, చదువు అంతగా లేని స్త్రీలకు, సామాన్యులకు అందవలెనని ఆయన కోరిక. కర్మము విడువరాదు, ఫలమునందలి ఆసక్తి విడువవలెను అన్నదే గీతాసారమని ఆ పీఠికలో వివరించిరి. అనాసక్తి యనగా ఫలితము ఎట్లున్నను పట్టించుకొనకుండుట యని తరగతిలో విద్యార్థులు పొరబడుట కలదు. ఆ పదమునకు భాష్యము వ్రాసిన చేయియే, ఒక అనామక గ్రామీణుని మృతికి తాను బాధ్యుడనని కూడ వ్రాసినది. ఈ రెండు వ్రాతలను ప్రక్కప్రక్కన ఉంచి చదువుట మేలు.

అనాసక్తియోగము 1930 మార్చి 12వ తేదీన వెలువడెను. ఆనాడే గాంధీజీ సబర్మతి ఆశ్రమమునుండి దండికి బయలుదేరిరి. సుమారు 240 మైళ్ళు, ఇరువదినాలుగు దినములు, అంతయు కాలినడకయే.

కౌసానీలోని ఆ అతిథిగృహము తరువాత అనాసక్తి ఆశ్రమమయ్యెను. 1946లో గాంధీజీ శిష్యురాలు, ఆంగ్లవనిత సరళా బెహన్ ఆ ఊరిలోనే కొండబాలికల చదువునకై లక్ష్మీ ఆశ్రమమును స్థాపించిరి. అనాసక్తి ఆశ్రమమున యాత్రికులకు వసతి గదులున్నవి. ఒక గ్రంథాలయమును, ప్రార్థనామందిరమును ఉన్నవి. ఉదయమున హిమశిఖరములను చూచుటకు వచ్చినవారు సాయంకాలమున అచట ప్రార్థనకు కూర్చుందురు.