ఆయిలరు

స్విట్జర్లాండు దేశమునందలి బాసెల్ నగరమున 1707వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన లియొనార్డ్ ఆయిలరు జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. కుమారుడును తన వృత్తినే అవలంబింపవలెనని ఆయన కోరిక. కాని ఆ నగరమున గణితాచార్యుడుగా నుండిన జోహాన్ బెర్నూలీ బాలుని బుద్ధిసూక్ష్మతను గుర్తించి, తండ్రికి నచ్చజెప్పెను. 1727లో ఆయిలరు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు చేరి, అచ్చటి విజ్ఞాన పరిషత్తున ప్రవేశించెను.

1729లో గోల్డ్‌బాక్ అను మిత్రుడు జాబు వ్రాయుచు ఆయన నొక ప్రశ్న యడిగెను. 1665లో మరణించిన ఫెర్మా అను ఫ్రెంచి గణితజ్ఞుడు ఒక సంఖ్యల వరుసను విడిచిపోయెను. 3, 5, 17, 257, 65,537 అనునవి అందు మొదటి యైదు. ఏ సంఖ్యనుండి యైనను ఒకటి తీసివేసి, వచ్చినదానిని దానిచేతనే గుణించి, మరల ఒకటి కలిపినచో తరువాతి సంఖ్య లభించును. ఈ యైదును ప్రధాన సంఖ్యలు. అనగా ఒకటిచేతను తమచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడవు. వరుసలో నెంత దూరము పోయినను అన్నియు నిట్టివే యని ఫెర్మా నమ్మెను గాని నిరూపింపలేదు. ఆరవ సంఖ్య 4,29,49,67,297. అంతటి సంఖ్యను పరీక్షించుట సులభము కాదు. అంతటి పెద్దవాని మాటను శంకించుటయు సులభము కాదు.

ఆయిలరు మొదట ఈ ప్రశ్నను అంతగా పట్టించుకొనలేదు. మిత్రుడు మరల కదలింపగా మనస్సు నిలిపెను. 1732లో ఆ సంఖ్యను 641 నిశ్శేషముగా భాగించునని తెలిపెను. భాగఫలము 67,00,417, బాలురు గుణించి సరిచూచుకొనవచ్చును. ఆ సంఖ్యను భాగింపగల ప్రధాన సంఖ్య ఏదైనను, 64చేత భాగించినపుడు ఒకటి శేషింపవలెనని ఆయన తరువాత నిరూపించెను. అట్టి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అయిదవదానితోనే పని తీరును! ఫెర్మా వరుసలో 65,537 తరువాత ప్రధాన సంఖ్య నేటివరకును ఒక్కటియు దొరకలేదు.

1738లో ఆయిలరునకు కుడికంటి చూపు పోయెను. 1741 నుండి పాతికేండ్లు బెర్లిన్‌లో నుండి, 1766లో మరల రష్యా చేరెను. అంతలో ఎడమకంటికి శుక్లము క్రమ్మెను. 1771లో చేసిన శస్త్రచికిత్స వికటించి ఆయన అంధుడయ్యెను. ఆ సంవత్సరముననే ఇల్లు తగులబడగా, స్వదేశీయుడొకడు మంటలలో దూకి వృద్ధుని వెలికి తెచ్చెను. వ్రాతప్రతులును చాలవరకు దక్కెను.

ఇక పలకపై లెక్క వేయుట లేదు; తాను చెప్పగా కుమారులును శిష్యులును వ్రాసికొనవలెను. అట్టి స్థితిలో ఆయన మరియొక మహాసంఖ్యను చేపట్టెను. ముప్పదియొక్క రెండ్లను వరుసగా గుణించి ఒకటి తీసివేసినచో 2,14,74,83,647 వచ్చును. ఇది ప్రధాన సంఖ్య యని మెర్సెన్ అను ఫ్రెంచి సన్యాసి 1644లో ప్రకటించెను. అదియు నిరూపణము లేని మాటయే. దీనిని పరీక్షించుటకు 46,340 వరకు గల ప్రధాన సంఖ్యలతో భాగించి చూడవలెను. అవి నాలుగువేలకు పైబడియున్నవి. కాని 248చేత భాగింపగా 1 గాని 63 గాని శేషించువానిని మాత్రమే చూచిన చాలునని ఆయిలరు తెలిసికొనెను. అట్టివి సుమారు ఎనుబది. వానిలో ఏ యొక్కటియు భాగింపలేదు. ఈ పర్యాయము పెద్దల మాటయే నిలిచెను. 1772లో ఈ సంగతిని తన గురువు మనుమనికి జాబుగా వ్రాయించెను. అనేక దశాబ్దములు అంతకు మించిన ప్రధాన సంఖ్య ఎవరికిని తెలియలేదు.

1783 సెప్టెంబరు 18వ తేదీన మనుమనికి పాఠము చెప్పి, నూతనముగా కనుగొనబడిన యురేనస్ గ్రహము కక్ష్యను గూర్చి ముచ్చటించి, ఆయిలరు హఠాత్తుగా కూలిపోయెను. ఆ రాత్రియే మరణించెను.