బట్టలుతికి చదివిన కార్వర్

బానిసగా జన్మించిన జార్జి వాషింగ్టన్ కార్వర్‌కు అమెరికాలో కళాశాల ద్వారములు సులభముగా తెరచుకొనలేదు. కాన్సాస్ రాష్ట్రమందలి ఒక కళాశాల ఉత్తరము ద్వారా ప్రవేశమిచ్చి, తీరా మనిషిని చూచిన పిదప నల్లజాతివాడని త్రిప్పి పంపినది. 1890లో అయోవా రాష్ట్రములోని సింప్సన్ కళాశాల చేర్చుకొన్నది. రుసుము చెల్లించగా మిగిలిన 10 సెంట్లతో మొక్కజొన్నపిండి, గొడ్డు కొవ్వు కొని వారము దినములు గడిపినాడట! తరువాత తోటి విద్యార్థుల బట్టలుతికి, ఇస్త్రీ చేసి పొట్ట పోసికొన్నాడు.

అచ్చట ఆయన మనసు చిత్రలేఖనముపై నిలిచినది. నల్లజాతివాడు బొమ్మలు వ్రాసి బ్రదుకుట కష్టమని తలచిన ఉపాధ్యాయిని ఎట్టా బడ్, తన తండ్రి ఉద్యానశాస్త్రము బోధించుచున్న ఏమ్స్ వ్యవసాయ కళాశాలకు వెళ్లుమన్నది. 1891లో అచ్చట చేరిన తొలి నల్లజాతి విద్యార్థి ఆయనయే. మొదట భోజనశాలలో చోటీయలేదు. నేలమాళిగలో పనివారితో కలిసి తినవలసి వచ్చినది. అట్టివాడే చర్చాసంఘములో పాల్గొన్నాడు, ఫుట్‌బాల్ ఆటగాండ్రకు ఒళ్లు మర్దించినాడు, విద్యార్థి సైనికదళములో కెప్టెన్ అయినాడు. ఇన్నింటి నడుమ పుస్తకము ఎప్పుడు తెరచెడివాడో!

కుంచెను మాత్రము విడువలేదు. సీడర్ రాపిడ్స్‌లో చిత్రప్రదర్శన జరుగగా, దారిఖర్చు లేని కార్వర్‌కు కళాశాలవారే కొత్త దుస్తులు, రైలు టిక్కెట్టు కొనియిచ్చినారని చెప్పుదురు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రము ప్రశంస పొందినది. 1894లో పట్టభద్రుడై, 1896లో పై పట్టము కూడ పొంది, ఆ ఏడే టస్కేజీ విద్యాలయములో ఉపాధ్యాయుడైనాడు. 1943లో మరణించువరకు అచ్చటనే ఉండి, ప్రత్తిసాగుతో సారము తగ్గిన నేలలలో వేరుసెనగ వేయుమని పేద రైతులకు బోధించినాడు. తీరిక చిక్కినప్పుడు అలబామా బంకమట్టి నుండి రంగులు తీసి బొమ్మలు వ్రాసికొనెడివాడు.