బ్లేరియో సముద్రలంఘనము

ఫ్రాన్సులోని కలే పట్టణమునకును ఇంగ్లండులోని డోవరునకును నడుమ దూరము సుమారు 40 కిలోమీటర్లు. ఓడల కది అల్పము. 1909 వరకు ఏ విమానమును ఆ సముద్రమును దాటలేదు.

1872లో కాంబ్రే నగరమున జన్మించిన లూయీ బ్లేరియో ఇంజనీరు. మోటారుకార్ల దీపములమ్మి గడించిన ధనమును విమానములకే వెచ్చించెను. అవి ఒకదానివెంట నొకటి కూలుచుండెను. అతడు మరల క్రొత్తది కట్టుచుండెను. ఇల్లాలి ఓర్పు ఎంతటిదో ఊహింపవలసినదే!

లండను పత్రిక డెయిలీ మెయిల్ సముద్రము దాటినవారికి 1,000 పౌన్ల బహుమతి ప్రకటించెను. 1909 జూలై 19న ప్రత్యర్థి లాథమ్, ఇంజను ఆగిపోగా, నీటిపై దిగెను. బ్లేరియో అప్పటికే కాలు కాలి, ఊతకఱ్ఱలతో నడచుచుండెను. అయినను 25వ తేదీ వేకువను, 25 అశ్వశక్తుల యంత్రముతో, దిక్సూచియైనను లేక కలే చెంతనుండి ఎగిరెను. తోడువచ్చిన యుద్ధనౌక వెనుకబడెను. పది నిమిషములపాటు తీరము లేదు, ఓడ లేదు, నలుదెసల నీరే. తుదకు ఇంగ్లండు తీరము కనబడెను గాని, గాలి అతనిని త్రోవ తప్పించియుండెను. మరలి వచ్చి డోవరు కోటచెంత పచ్చికపై దిగునప్పుడు విమానపు పంకా విరిగెను. బయలుదేరి 37 నిమిషములైనను కాలేదు.

పిమ్మట నూటికి పైగా విమానములు కావలెనని కోరికలు వచ్చెను. దివాలా అంచుననున్న అతని వ్యాపారము నిలిచెను. 1936లో పారిస్ నగరమున బ్లేరియో మరణించెను.