పరీక్ష తప్పిన పిల్లవాడు పెట్టిన బడులు

మా అల్ ఘర్రాఫాలో శుక్రవారం నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే మాట పిల్లల మార్కుల మీదికే పోతుంది. అలాంటప్పుడు నాకు జిడ్డు కృష్ణమూర్తిగారు గుర్తొస్తారు.

ఆయన 1895లో మదనపల్లెలో పుట్టారు. పదేళ్ళకే తల్లి సంజీవమ్మ పోయారు. మద్రాసు బడిలో మందమతి అనిపించుకుని దెబ్బలు తిన్నారు. 1909లో అడయారులో దివ్యజ్ఞాన సమాజం వారు ఆయనను రాబోయే జగద్గురువుగా ఎంచి, 1911లో తమ్ముడు నిత్యానందతో సహా ఇంగ్లండు తీసుకువెళ్ళారు. పిల్లలను తిరిగి ఇప్పించమని తండ్రి నారాయణయ్య మద్రాసు హైకోర్టులో గెలిచినా, 1914లో ప్రీవీ కౌన్సిల్‌లో ఓడిపోయారు. అక్కడ ఆక్స్‌ఫర్డ్ కృష్ణమూర్తిని చేర్చుకోలేదు. లండన్ మెట్రిక్యులేషన్ పలుమార్లు తప్పారు. తమ్ముడు మాత్రం గట్టెక్కి లా చదివారు. 1925లో క్షయతో పోయారు. 1929లో తనను జగద్గురువుగా కొలిచే సంఘాన్ని కృష్ణమూర్తి తానే రద్దు చేశారు.

ఆ తప్పిన విద్యార్థే బడులు పెట్టారు: మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ, 1969లో ఇంగ్లండులో బ్రాక్‌వుడ్ పార్క్. రెండూ వసతి బడులే. చదువులో భయం ఉండకూడదని, ఒక బిడ్డను మరో బిడ్డతో పోల్చకూడదని ఆయన పట్టుదల. 1986లో కాలిఫోర్నియాలో కన్నుమూశారు.

మనలో కొందరం పిల్లలను ఊళ్ళో హాస్టళ్ళలో ఉంచి ఇక్కడ ఉద్యోగాలు చేస్తున్నాం. ఫోన్లో ర్యాంకు అడిగే ముందు, అన్నం తిన్నావా నాన్నా, అక్కడ బాగుందా అని అడుగుదాం.