సాలార్‌జంగు గాజు భాండారము

మన ప్రాచీన నీతిగ్రంథములలో కాచమునకు గౌరవము తక్కువ. మణిని పొగడదలచినపుడెల్ల దాని ప్రక్కన గాజుముక్కనుంచి చిన్నబుచ్చుట కవులకు వాడుక. అట్టి గాజును సైతము మణితో సమానముగా నాదరించి, దేశదేశముల పనితనమును ఒక్క కప్పుక్రిందికి చేర్చిన మహనీయులు హైదరాబాదు నగరమున నుండిరి. వారే నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్, అనగా మూడవ సాలార్‌జంగు. ఒక పల్లెటూరి గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో వారి చరిత్రమేల యని పాఠకులు శంకింపవచ్చును. కడవరకు చదివినచో సమాధానము దొరకును.

నవాబుగారు 1889వ సంవత్సరము జూన్ 13వ తేదీన పూనాలో జన్మించిరి. నెల తిరుగకమునుపే తండ్రిగారైన రెండవ సాలార్‌జంగు పరమపదించిరి. నిజాము ప్రధానిగా ఖ్యాతి గాంచిన తాత మొదటి సాలార్‌జంగు అంతకు ఆరేండ్ల క్రిందటనే గతించియుండిరి. ముసుగు ధరించిన రెబెక్కా యను పాలరాతి విగ్రహమును 1876లో రోమునగరమున కొని తెచ్చినది ఆ తాతగారే. కావున కళాప్రీతి మనుమనికి వంశక్రమముగా సంక్రమించిన దనవచ్చును. ఆరవ నిజాము ఈ పసివాని యోగక్షేమములను విచారించిరి. 1912లో ఏడవ నిజాము వీరిని ప్రధానమంత్రిగా నియమించిరి. అప్పటికి వారి వయస్సు ఇరువదిమూడేండ్లు మాత్రమే. 1914లో ఆ పదవిని విడిచిరి. వివాహము చేసికొనలేదు. అటుపిమ్మట శేషించిన ముప్పదియైదు సంవత్సరములును, పెద్దల యాస్తియును, కళావస్తు సంగ్రహమునకే వినియోగమయ్యెను. వర్తకులు దేశాంతరములనుండి వస్తువులు గొని దివాన్‌దేవిడీ వాకిట నిలుచుచుండిరి.

ఆ సంగ్రహములో గాజుపాత్రలకు ప్రత్యేకస్థానము కలదు. వెనీసు, బొహీమియా, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశముల పనివారి నేర్పు అందు కానవచ్చును. వెనీసు ప్రభువులు అగ్నిభయముచే 1291లోనే గాజుకొలుములను మురానో యను దీవికి తరలింపజేసిరి. అచటివారు ఊపిరితో నూది, తీగలవలె సాగదీసి, పూరేకువంటి పలుచని పాత్రలను చేయుదురు. బొహీమియావారి గాజు దళసరి. తిరుగుడు చక్రమున కానించి దానిపై లతలను, మృగములను చెక్కుదురు. ఇంగ్లండులో రావెన్స్‌క్రాఫ్ట్ అను నాతడు గాజులో సీసపు భస్మమును కలుపు పద్ధతికి 1674లో రాజాజ్ఞవలన హక్కు పొందెను. ఆ గాజు మెత్తనై కోతకు లొంగును; కోసిన అంచులందు వెలుగు ఇంద్రధనుస్సువలె విరియును. ఏ దేశపు గాజైనను, రూపు తీర్చినపిదప వెచ్చని అరలోనుంచి మెల్లమెల్లగా చల్లార్పవలయును. తొందరపడినచో లోపల బిగువు నిలిచి, ఏనాడో ఒకనాడు తనంతట తానే పగులును.

గాజును కొనుట ధనముతో తీరును. కాచుటకు మాత్రము ఓర్పు కావలయును. పాళ్లు సరిగా కుదరని గాజు చెమ్మగాలి సోకినచో చెమటపట్టినట్లగును. దానిలోని క్షారము పైకి వచ్చి, క్రమముగా సాలెగూడువంటి సన్నని బీటలు వారును. పాత్రను పిడి పట్టి యెత్తరాదు. ఒక చేయి అడుగునను, ఒక చేయి ప్రక్కనను ఉండవలెను. చేతి యుంగరములను ముందే తీసివేయవలెను. బంగారుపూత గలదానిని రుద్దరాదు. వేడినీరు తగులరాదు. ధూళిని మెత్తని గుడ్డతో దులుపవలెను. ఇది ఒకనాటి పని కాదు. ఒకరి జన్మతో ముగియు పనియు కాదు.

1949 మార్చి 2వ తేదీన నవాబుగారు దివంగతులైరి. సంతానము లేదు. ఆ భాండారము గతి యేమగునో యను సంశయము పుట్టినది అప్పుడే. నేను మా గ్రామమున అన్నదమ్ముల పంపకములు పెక్కింటికి లెక్కలు వ్రాసినవాడను. భూమిని కుంటలచొప్పున పంచవచ్చును; ఇత్తడిని తూచి పంచవచ్చును. ఒక యింట మాత్రము పెట్టెడు తాళపత్ర గ్రంథములు ఎవరి వాటాకును రాలేదు. అటకమీదనే యుండి చెదలకు వాటా యైనవి. ఆనాడు నేను నోరు మెదపక లెక్క ముగించితిని. ఆ తప్పు నేటికిని నన్ను బాధించుచున్నది.

నవాబుగారి సొత్తుకు అట్టి దుర్గతి పట్టలేదు. ఆస్తి వ్యవహారమునకై ఒక సంఘ మేర్పడెను. 1951 డిసెంబరు 16వ తేదీన దివాన్‌దేవిడీలోనే వస్తుప్రదర్శనశాలను జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిరి. 1958లో వారసులు రాజీపడి, సంగ్రహమును భారతప్రభుత్వమునకు ఒప్పగించిరి. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా శాసించెను. 1968లో వస్తువులన్నియు మూసీనదికి దక్షిణపుటొడ్డున కట్టిన క్రొత్త భవనమునకు చేరెను. పంచుకొన్నచో పది యిండ్ల అలమారులలో అణగిపోవలసిన గాజుపాత్రలను నేడు టిక్కెట్టు కొన్న ప్రతి మనుష్యుడును కన్నులార చూడగలుగుచున్నాడు.

నవాబుగారు గాజుతోపాటు గ్రంథములను, వ్రాతప్రతులను గూడ సేకరించిరి. ఈ రెంటికిని శత్రువులు సమానులే: చెమ్మ, ధూళి, అశ్రద్ధ. మన గ్రంథాలయపు అలమారు సాలార్‌జంగు మందిరము కాదు. అయినను ఇరువదియైదేండ్లుగా ఇది ఎవరి వాటాకును చెందక, అందరి సొత్తై నిలిచినది. పుస్తకము తీసికొనిపోవు ప్రతి చందాదారుడును గాజుపాత్రను మోయుచున్నట్లు తలంచి, రెండుచేతులతో తిరిగి తెచ్చియిచ్చినచో, ఈ రజతోత్సవమునకు పిమ్మట స్వర్ణోత్సవమును మన బిడ్డలు చూడగలరు.