కాలువ కాంట్రాక్టు తీసుకున్న పాదిరి

ఈ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు మిత్రులు, నేను ఇంజనీరును కాబట్టి కల్వకుర్తి ఎత్తిపోతల గురించి రాస్తాననుకొని ఉంటారు. రాస్తున్నది కాలువ గురించే కానీ, మన కృష్ణ నీళ్ళ కాలువ కాదు. దాదాపు నూట యాభై ఏళ్ళ కింద, కరువులో ఒంగోలు దగ్గర తవ్విన బకింగ్‌హామ్ కాలువ. అందులో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నది జాన్ ఎవరెట్ క్లౌ అనే పాదిరి.

నాగర్‌కర్నూల్‌లో ఎం.బి. మిషన్ కాంపౌండు తెలియని వాళ్ళుండరు. ఆ మెనొనైట్ల తొలితరం నల్గొండలో పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషన్ కిందనే. క్లౌదీ అదే మిషన్. కాబట్టి ఈ కథ మనకు మరీ పరాయిది కాదు.

ఆయన 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. వయసులో మిన్నెసోటా అడవుల్లో సర్వే పని చేశాడు, లాయరు కావాలనుకున్నాడు, చివరికి మిషనరీ అయి 1865లో నెల్లూరు చేరాడు. మరుసటి ఏడు ఒంగోలుకు మారాడు.

అక్కడి పెద్దకులాల వారు ఆయన్ను బాగానే ఆదరించారు. పిల్లల్ని ఆయన బడికి పంపారు. పైనుంచి మొదలైతే ఊరంతా వింటుందని ఆ కాలపు మిషనరీలు చాలామంది నమ్మేవారు. కానీ నిజంగా మనసిచ్చి విన్నది వేరే మనిషి. యర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారి, మాదిగ. గురువుల దగ్గర యోగం నేర్చుకుని, ఇంకా ఏదో వెతుకుతున్న మనిషి. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు బోధ విన్నాడు. క్లౌ రాకముందే తన వాళ్ళకు దాన్ని చెప్పడం మొదలుపెట్టాడు. నా లెక్కలో ఈ కథకు అసలు నాయకుడు పేరయ్యే.

మాదిగలు సంఘంలో చేరగానే పెద్దకులాల వారు అభ్యంతరం చెప్పారు. వాళ్ళను చేర్చుకుంటే మా పిల్లల్ని పంపమన్నారు. క్లౌ ఇరుకున పడ్డాడు. ఆ రోజు ఆయనా, భార్య హ్యారియెట్టూ, ఒకరికొకరు చెప్పుకోకుండానే, బైబిల్లో ఒకే చోటు తెరిచారట: కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, దేవుడు లోకం తక్కువగా చూసేవారిని ఎన్నుకున్నాడని చెప్పే చోటు. ఆయన మాదిగల వైపే నిలబడ్డాడు. బడి ఖాళీ అయింది.

చేరినవారికీ సుఖం లేదు. ఆదివారం పని చేయం, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాలకు మొక్కం అన్నారు. ఊరి జాతరలో డప్పు కొట్టేవాళ్ళు ఈ మాటంటే కరణం, రెడ్డి ఊరుకుంటారా? చాలా పల్లెల్లో వాళ్ళకు నీళ్ళు అందకుండా చేశారు, కొట్టించారు. కొందరు తట్టుకున్నారు, కొందరు భయపడి ఆగిపోయారు. ఆగినవాళ్ళను తప్పుపట్టే అర్హత మనకు లేదనుకుంటాను.

1876లో కరువు మొదలైంది. కూలికోసం వచ్చినవారికి కాలువ కట్ట మీద పని దొరికింది. బోధకులే మేస్త్రీలు. మధ్యాహ్నం విరామంలో వాళ్ళు క్రీస్తు కథ చెప్పేవారు. వేలమంది విన్నారు, బాప్తిస్మం ఇవ్వమన్నారు. క్లౌ ఇవ్వలేదు. అన్నంకోసం వచ్చారన్న అనుమానం వాళ్ళకూ వద్దు, తనకూ వద్దు. పదిహేను నెలలు అలాగే ఆపాడు. మిషన్ లెక్కలు పెరగాలని చూసే మనిషైతే ఆ పని చేయడు.

కూలి పనులు ముగిశాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నీళ్ళలో దిగి ఇచ్చింది మన తెలుగు బోధకులే, వంతులవారీగా. ఆ ఏడు జూన్ నుంచి డిసెంబరు దాకా 9,606 మంది. ఇంత తొందరేమిటని సాటి మిషనరీల్లోనే కొందరు విమర్శించారు. ఆ విమర్శలో కొంత నిజం ఉంది. అంతమందికి నేర్పేవాళ్ళు ఎక్కడున్నారు? ఆ తర్వాత ఏళ్ళన్నీ ఆయనకు బడులు పెట్టడంతో, బోధకులను తయారుచేయడంతో గడిచాయి.

ఆయన 1910లో అమెరికాలో కన్నుమూశాడు. రెండో భార్య ఎమ్మా అప్పటికే మాదిగల కథలు వాళ్ళ నోట విని పుస్తకంగా అచ్చువేయించింది. ఒంగోలులో ఆయన పేరున ఆసుపత్రి వెలిసింది. కాలువ మాత్రం ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది.